అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో క్రిమినల్ జస్టిస్ చదువుతానంటోంది, సలహా కావాలి

ఫ్రిస్కో_శైలజ
మా అమ్మాయి హైస్కూలు చివరి సంవత్సరంలో ఉంది. మార్కులు బాగానే వస్తాయి గాని లెక్కల మీద, కోడింగ్ మీద మొదటినుంచీ ఆసక్తి లేదు. స్కూల్లో మాక్ ట్రయల్ (నమూనా కోర్టు విచారణ) బృందంలో ఉంటోంది, నిరుడు వేసవిలో పోలీసు శాఖ పిల్లల కోసం నడిపే ఎక్స్‌ప్లోరర్ కార్యక్రమంలోనూ చేరింది. ఇప్పుడు ఇంటికి దగ్గరలోని కాలిన్ కాలేజీలో రెండేళ్లు క్రిమినల్ జస్టిస్ (పోలీసు, కోర్టు, జైళ్ల వ్యవస్థ గురించిన చదువు) చదివి, ఆ తరువాత యూనివర్సిటీకి మారతానని గట్టిగా చెబుతోంది. మా బంధువులు చాలామంది డల్లాస్ చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్ల పిల్లలందరూ కంప్యూటర్ సైన్సో, మెడిసినో చదువుతున్నారు. కమ్యూనిటీ కాలేజీ అన్న మాట వినగానే వాళ్లు మమ్మల్ని ఓదార్చడం మొదలుపెడుతున్నారు, అది పిల్లకు చాలా బాధగా ఉంది. ఈ చదువుతో నిజంగా ఉద్యోగాలు వస్తాయా, రెండేళ్ల కాలేజీలో మొదలుపెట్టినందువల్ల ముందుముందు నష్టపోతుందా అన్నవి నా సందేహాలు. ఈ దారిలో వెళ్లినవారు గాని, పిల్లలను పంపినవారు గాని చెబితే మేలు చేసినవారవుతారు.

ఎడిసన్_రావు
మార్కులు బాగా వస్తున్నప్పుడు నేరుగా నాలుగేళ్ల యూనివర్సిటీలోనే చేర్పించండి. పైగా తుపాకులు ఇంత విరివిగా ఉన్న దేశంలో ఆడపిల్లను పోలీసు ఉద్యోగానికి పంపడానికి నా మనసు ఒప్పుకోదు. నాకూ కూతురుంది కాబట్టే ఈ మాట అంటున్నాను.

గోదావరి_మూర్తి
రావు గారి భయాన్ని గౌరవిస్తాను గాని, కాలేజీ విషయంలో వారితో ఏకీభవించలేను. కాలేజీ బోర్డు లెక్క ప్రకారం 2024–25లో కమ్యూనిటీ కాలేజీల సగటు వార్షిక రుసుము స్థానికులకు 4,050 డాలర్లు, సొంత రాష్ట్రపు ప్రభుత్వ యూనివర్సిటీలో 11,610 డాలర్లు. ఇంట్లోనే ఉండి చదివితే హాస్టలు ఖర్చు కూడా మిగులుతుంది. మా పెద్దవాడు అలాగే మొదలుపెట్టి, తరువాత యూనివర్సిటీకి మారి, ఇప్పుడు ఆడిటర్‌గా పనిచేస్తున్నాడు. చివరకు చేతికి వచ్చిన బ్యాచిలర్స్ పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంది, ఉద్యోగంలో ఎవరూ మొదటి రెండేళ్ల గురించి అడగలేదు.

నల్లమల
శైలజ గారూ, సలహా చెప్పే ముందు రెండు విషయాలు తెలియాలి. అమ్మాయి మనసులో ఉన్న ఉద్యోగం ఏది: పోలీసా, ఎఫ్‌బీఐయా, శిక్ష పడినవారిని జైలు బయట పర్యవేక్షించే ప్రొబేషన్ ఆఫీసరా, ఫోరెన్సిక్ ల్యాబా, లాయరా? ఈ ఐదింటికీ చదవవలసిన చదువులు వేరు. రెండోది, అమ్మాయి ఇక్కడే పుట్టిందా, లేక మీతోపాటు వచ్చిందా? ఈ రంగంలో మార్కుల కన్నా ముందు చూసేది అదే.

ప్లేనో_విజయ్
నేను ఒక కమ్యూనిటీ కాలేజీలో విద్యార్థులకు కోర్సుల గురించి సలహా ఇచ్చే విభాగంలో పనిచేస్తున్నాను. మా దగ్గరకు వచ్చే కుటుంబాలలో ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. క్రిమినల్ జస్టిస్ పేరుతోనే రెండు రకాల అసోసియేట్ డిగ్రీలు (రెండేళ్ల పట్టాలు) ఉంటాయి. ఒకటి అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్, అంటే ఏఏ. ఇందులో టెక్సస్ కోర్ కరిక్యులమ్ కింద 42 క్రెడిట్ల సామాన్య పాఠాలు ఉంటాయి, ఇంగ్లీషు, చరిత్ర, ప్రభుత్వం, గణితం, సైన్సు అన్నీ అందులోకే వస్తాయి. ఆ 42 పూర్తిచేస్తే రాష్ట్రంలోని ఏ ప్రభుత్వ యూనివర్సిటీ అయినా వాటిని ఒక్క మొత్తంగా స్వీకరించాలి. రెండోది అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్, అంటే ఏఏఎస్. ఇది నేరుగా ఉద్యోగంలో చేరేవారి కోసం రూపొందించినది, దీనిలోని చాలా కోర్సులు మామూలు బ్యాచిలర్స్‌లో లెక్కకు రావు. ఏఏఎస్ చేసినవారికి బీఏఏఎస్ అనే ప్రత్యేక డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు ఇస్తాయి గాని, హంట్స్‌విల్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ వంటి చోట క్రిమినల్ జస్టిస్ బ్యాచిలర్స్ చేయాలనుకునే పిల్ల ఏఏఎస్‌లో చేరితే ఒక ఏడాది చదువు మళ్లీ చదవవలసి రావచ్చు. దరఖాస్తులో ఈ రెండు పేర్లూ పక్కపక్కనే కనిపిస్తాయి, పిల్లలు తెలియక ఏదో ఒకటి నొక్కేస్తారు.

ఎడిసన్_రావు
విజయ్ గారు చెప్పినది వింటే నా సందేహం మరింత బలపడింది. కమ్యూనిటీ కాలేజీలో చేరినవారిలో నాలుగేళ్ల కాలేజీకి మారేవారు మూడింట ఒక వంతు కన్నా తక్కువేననీ, ఆరేళ్లలో బ్యాచిలర్స్ పూర్తిచేసేవారు నూటికి 16 మందేననీ కొలంబియా యూనివర్సిటీ పరిశోధన కేంద్రం, ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి తెచ్చిన నివేదికలో ఉంది. ఎనభై నలుగురు మధ్యలో ఆగిపోయే దారిలోకి పిల్లను పంపమని నేనెలా చెప్పను?

విశ్రాంత_అధ్యాపకుడు
రావు గారు ఇచ్చిన అంకె సరైనదే గాని, దాన్ని చదవవలసిన పద్ధతి వేరు. నేను ఇలినాయ్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో సోషియాలజీ బోధించి పదవీ విరమణ చేశాను. నా తరగతిలో ఒక బల్ల దగ్గర పద్దెనిమిదేళ్ల అమ్మాయి, పక్క బల్ల దగ్గర ఇద్దరు పిల్లల తల్లి, వెనక వరుసలో రాత్రి గిడ్డంగిలో పనిచేసి నేరుగా వచ్చిన మనిషి కూర్చునేవారు. అందరూ బ్యాచిలర్స్ కోసం రారు, వచ్చినవారిలో చాలామంది సగం క్రెడిట్లతో, ఉద్యోగం చేసుకుంటూ చదువుతారు. ఆ మొత్తాన్ని కలిపి వేసిన సగటు అది. పూర్తిస్థాయి విద్యార్థినిగా చేరి, ఇంటి ఆసరా ఉండి, మొదటి సెమిస్టర్ నుంచే ఎక్కడికి మారాలో తెలిసిన పిల్ల పరిస్థితి ఆ సగటు కన్నా ఎంతో మెరుగు. అయితే కాలేజీల వైపు తప్పు లేదని నేను అనను. సలహాదారులు చాలక, ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో చెప్పేవారు లేక నష్టపోయిన పిల్లలను నేను చూశాను, విజయ్ గారి వంటివారు ప్రతి కాలేజీలోనూ ఇంకా ఎందరో కావాలి.

క్రిమినల్ జస్టిస్‌కూ ఈ కాలేజీలకూ సంబంధం ఎలా కుదిరిందో కూడా తెలుసుకోవడం మంచిది. దేశంలో మొదటి ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ 1901లో మా రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలయింది. పోలీసులకు కాలేజీ చదువు ఉండాలన్న ఆలోచన బర్క్‌లీ పోలీసు అధిపతి ఆగస్ట్ వోల్మర్‌ది, 1916లోనే ఆయన కాలిఫోర్నియా యూనివర్సిటీలో పోలీసు పాఠాలు మొదలుపెట్టించారు. కాని అది దేశమంతా పాకినది 1967 తరువాతే. అధ్యక్షుడు జాన్సన్ నియమించిన కమిషన్ ఆ ఏడాది ఇచ్చిన నివేదికలో పోలీసులకు కాలేజీ డిగ్రీ లక్ష్యంగా ఉండాలని చెప్పింది, మరుసటి ఏడాది చేసిన చట్టం కింద పోలీసుల చదువుకు కేంద్రం డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ తరగతులు నడిపేవి, ఊరికి దగ్గరలో ఉండేవి కమ్యూనిటీ కాలేజీలే కాబట్టి ఆ డబ్బుతో అక్కడే వందల కోర్సులు పుట్టుకొచ్చాయి. వాటిలో చాలా భాగం పోలీసు అకాడమీ శిక్షణనే తరగతి గదిలో తిరిగి చెప్పడంగా తయారయిందని 1978లో పోలీస్ ఫౌండేషన్ తరఫున వెలువడిన నివేదిక గట్టిగా విమర్శించింది. ఆ విమర్శ నేటికీ కొన్ని చోట్ల వర్తిస్తుంది. అందుచేత శైలజ గారూ, ఆ కాలేజీలో క్రిమినల్ జస్టిస్ బోధించేవారు ఎవరో, సోషియాలజీ, సైకాలజీ, గణాంకశాస్త్రం, రాత నైపుణ్యం ఎంత నేర్పుతారో అడగండి. నేర శాస్త్రం అంటే చట్టాల సెక్షన్లు మాత్రమే కాదు, మనుషులు నేరం వైపు ఎందుకు వెళ్తారో, జైలు నుంచి తిరిగి వచ్చాక ఎలా బతుకుతారో కూడా అందులో భాగమే.

నల్లమల
అధ్యాపకుల మాట అమూల్యం. అయినా నా రెండో ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు శైలజ గారూ. దయచేసి చెప్పండి.

ఫ్రిస్కో_శైలజ
మా అమ్మాయి కరీంనగర్‌లో పుట్టింది, నాలుగేళ్ల వయసులో మాతోపాటు వచ్చింది, ఇప్పుడు హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీద ఉంది. వచ్చే వేసవికి పద్దెనిమిది నిండుతాయి. మావారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఎప్పుడో ఆమోదం పొందింది, గ్రీన్‌కార్డు వరుసలో మా స్థానం చెప్పే ప్రాధాన్య తేదీ 2015, వరుస ఇంకా మా దాకా రాలేదు. ఆ విషయం చదువుకు అడ్డం వస్తుందని మేము అనుకోలేదు, ఎందుకంటే మా ఊళ్లో హెచ్-4 పిల్లలు అందరితోపాటే కాలేజీలలో చేరుతున్నారు.

నల్లమల
చదువుకు అడ్డం రాదు. చదివిన తరువాత అడ్డం వస్తుంది. నేను లాయరును కాను, మా ఇంట్లో ఇద్దరు పిల్లలు ఇదే దారిలో నలిగారు కాబట్టి తెలిసినంత చెబుతాను, మీరు తప్పకుండా ఇమిగ్రేషన్ లాయరును కలవండి.

టెక్సస్‌లో పోలీసు అధికారి లైసెన్సు ఇచ్చేది టీకోల్ అనే రాష్ట్ర కమిషన్. దానికి అమెరికా పౌరసత్వం కావాలి, సైన్యంలో పనిచేసి గౌరవంగా విడుదలయిన గ్రీన్‌కార్డుదారులకు మాత్రమే కొంత వెసులుబాటు ఉంది. ఎఫ్‌బీఐ స్పెషల్ ఏజెంటుకు పౌరసత్వం తప్పనిసరి, బ్యాచిలర్స్, దానిపైన రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉండాలి, వయసు 23 నిండి ఉండాలి, 37వ పుట్టినరోజుకు ముందే నియామకం జరగాలి. ఆ పై వయోపరిమితి మన పిల్లలకు ఎంత ముఖ్యమో చూడండి. గ్రీన్‌కార్డు వచ్చాక పౌరసత్వానికి మామూలుగా ఐదేళ్లు ఆగాలి, గ్రీన్‌కార్డే ముప్పయ్యో ఏట వస్తే ఆ తలుపు దాదాపు మూసుకుపోయినట్టే.

అంతకన్నా దగ్గరలో ఉన్న గండం ఇరవై ఒకటో పుట్టినరోజు. ఆ రోజుతో హెచ్-4 హోదా పోతుంది. ఐ-140 పరిశీలనలో ఉన్న రోజులను వయసులోంచి తీసివేసే చట్టం ఒకటి ఉంది గాని, అది పనికి రావాలంటే మీ ప్రాధాన్య తేదీకి వరుస రావాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆ లెక్కకు ఫైనల్ యాక్షన్ తేదీల పట్టికనే (గ్రీన్‌కార్డు నిజంగా ఇవ్వగల తేదీలనే) చూస్తున్నారు కాబట్టి అవకాశం ఇంకా తగ్గింది. వరుస రాకపోతే అమ్మాయి ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలి. హెచ్-4 పిల్లలకు పనిచేసే అనుమతి లేదు, 2015లో వచ్చిన అనుమతి హెచ్-4 మీద ఉన్న భార్యకో భర్తకో మాత్రమే. జీతం లేని ఇంటర్న్‌షిప్ అయినా లాయరును అడిగాకే చేరాలి. తక్కువ ఆదాయపు విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంటు వంటి కేంద్ర సహాయం కూడా హెచ్-4కు, ఎఫ్-1కు వర్తించదు.

భయపెట్టాలని ఇదంతా రాయలేదు. ఈ సంగతి తెలియకుండా రెండేళ్లు, నాలుగేళ్లు చదివి, పోలీసు అకాడమీ దరఖాస్తులోని మొదటి పేజీ దగ్గర ఆగిపోయిన పిల్ల ముఖం నేను చూశాను. ముందే తెలిస్తే దారి మార్చుకునే వీలుంటుంది.

శాన్‌హోసే_లత
నల్లమల గారు చెప్పినది టెక్సస్ సంగతి, రాష్ట్రాన్ని బట్టి నియమాలు మారుతాయి. మా కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి పోలీసు అధికారికి పౌరసత్వం అక్కర్లేదు, చట్టబద్ధంగా పనిచేసే అనుమతి ఉంటే చాలు. ఇలినాయ్ 2024 జనవరి నుంచి అటువంటి చట్టాన్నే అమలు చేస్తోంది. గ్రీన్‌కార్డు ఉన్న పిల్లలకు ఇది పెద్ద మేలు. హెచ్-4 మీదే ఉన్నంతకాలం మాత్రం కాలిఫోర్నియాలోనూ ఫలితం లేదు, ఎందుకంటే అసలు పనిచేసే అనుమతే ఉండదు.

ఎడిసన్_రావు
నల్లమల గారు రాసినది చదివాక నా అభ్యంతరాలు చిన్నవిగా కనిపిస్తున్నాయి. మాకు పౌరసత్వం వచ్చి చాలాకాలమయింది, అందుకే ఇవన్నీ నా ఆలోచనలోకి రాలేదు. శైలజ గారూ, ధైర్యంగా ఉండండి.

రాత్రి_డ్యూటీ
హ్యూస్టన్ ప్రాంతంలో పోలీసు అధికారిగా పనిచేస్తున్నాను, మాది గుంటూరు జిల్లా. చిన్నప్పుడే ఇక్కడికి వచ్చాను. నాన్నగారికి పౌరసత్వం వచ్చేనాటికి నాకు పద్దెనిమిది నిండలేదు, గ్రీన్‌కార్డు ఉంది, అందుచేత చట్ట ప్రకారం నాకూ దానంతటదే వచ్చింది. అది నా అదృష్టమని నల్లమల గారి మాటలు చదువుతుంటే మళ్లీ అనిపించింది.

నేను కమ్యూనిటీ కాలేజీ నుంచే వచ్చాను. టెక్సస్‌లో పోలీసు లైసెన్సుకు కనీస వయసు 21, కాని అసోసియేట్ డిగ్రీ గాని 60 క్రెడిట్లు గాని ఉంటే 18కే అర్హత వస్తుంది. నియామకంలో మాత్రం చాలా శాఖలు తమ సొంత నిబంధనలు పెట్టుకుంటాయి. అకాడమీ శిక్షణ 700 గంటలకు పైబడి ఉంటుంది, చాలా అకాడమీలను కమ్యూనిటీ కాలేజీలే నడుపుతాయి. బ్యాచిలర్స్ నేను ఉద్యోగంలో చేరాక సాయంత్రాలు చదివి పూర్తిచేశాను, సార్జెంటు పరీక్షకు అది ఉపయోగపడింది.

ఈ ఉద్యోగం గురించి మన ఇళ్లలో ఉన్న ఊహకూ వాస్తవానికీ దూరం ఉంది. నా షిఫ్టులో సింహభాగం భార్యాభర్తల గొడవలు, మతి చలించినవారి కుటుంబాల నుంచి వచ్చే ఫోన్లు, రోడ్డు ప్రమాదాలు, వాటన్నిటి మీద రాయవలసిన నివేదికలు. ఆ నివేదిక కోర్టులో డిఫెన్సు లాయరు చేతిలో పడుతుంది, ఒక్క వాక్యం తప్పుగా రాస్తే కేసు పోతుంది. మాక్ ట్రయల్‌లో ఉన్న మీ అమ్మాయికి ఆ విలువ తెలుసు. ప్రమాదం లేదని రావు గారికి అబద్ధం చెప్పను, మా అమ్మ ఇప్పటికీ నేను ఇంటికి చేరానని సందేశం పెట్టేదాకా నిద్రపోదు.

ఒక సంఘటన చెబుతాను. అనుమానాస్పదంగా ఎవరో ఇళ్ల మధ్య తిరుగుతున్నారని ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే విజిటర్ వీసా మీద కొడుకు దగ్గరకు వచ్చిన పెద్దాయన, నడకకు బయలుదేరి, ఒకేలా ఉన్న ఇళ్ల మధ్య దారి తప్పారు. చేతులు వణుకుతున్నాయి, ఇంగ్లీషు రాదు, నా వెంట ఉన్న అధికారి అడిగినదేదీ ఆయనకు అర్థం కావడం లేదు. నేను తెలుగులో 'బాబాయ్, భయపడకండి, ఇంటికి తీసుకెళ్తాను' అనగానే రోడ్డు పక్కన కూర్చుండిపోయి ఏడ్చేశారు.

కర్నూలు_కమల
రాత్రి_డ్యూటీ తమ్ముడూ, నీ మాట చదివి కళ్లు చెమర్చాయి. 2015లో అలబామాలోని మాడిసన్‌లో మనవణ్ని చూసుకోవడానికి వచ్చిన గుజరాతీ పెద్దాయన సరిగ్గా ఇలాగే వీధిలో నడుస్తుంటే పోలీసు నేలకేసి కొట్టాడు, ఆయన శరీరం కొంత భాగం చచ్చుబడింది. 2023 జనవరిలో సియాటిల్‌లో వేగంగా వెళ్తున్న పోలీసు కారు ఢీకొని మా జిల్లా అమ్మాయి చనిపోయింది. గంటకు 25 మైళ్ల పరిమితి ఉన్న వీధిలో ఆ కారు 74 మైళ్ల వేగంతో వెళ్లింది. ఆ పిల్ల ప్రాణానికి పెద్ద విలువేమీ లేదన్నట్టుగా మరో అధికారి నవ్వుతూ మాట్లాడిన మాటలు అతని కెమెరాలోనే రికార్డయ్యాయి, మరుసటి ఏడాది అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. మన భాష, మన మనుషులు తెలిసినవారు ఆ శాఖల్లో ఉండాలి. మన పిల్లలు ఆ దిక్కు చూడకూడదని మనమే అంటే అక్కడ మన గురించి చెప్పేవారెవరు?

పాలమూరు_పద్మ
కమలక్కా, నీ బాధ మా అందరిదీ. అయినా ఆ బరువును పదిహేడేళ్ల పిల్ల భుజాల మీద పెట్టడం న్యాయం కాదు. జాతి కోసం కాదు, తనకు ఇష్టమైతే చదవాలి. శైలజ గారి అమ్మాయికి ఇష్టం ఉంది, అది చాలు, ఇక చూడవలసినది దారి ఉందా లేదా అన్నదే.

ఎడిసన్_రావు
రాత్రి_డ్యూటీ గారూ, ఒక సందేహం. ఇండియాలో దగ్గరి బంధువులు, ఆస్తులు ఉంటే నేపథ్య విచారణలో అది మైనస్ అవుతుందా? మా చుట్టాలబ్బాయి పౌరుడే, కేంద్ర ఉద్యోగానికి పెట్టుకోవాలని ఉన్నా ఈ భయంతో ఆగుతున్నాడు.

రాత్రి_డ్యూటీ
స్థానిక శాఖల్లో అది పెద్ద విషయం కాదండి. భద్రతా అనుమతి కావలసిన కేంద్ర ఉద్యోగాలలో విదేశీ బంధువుల వివరాలు, ఆస్తులు, ప్రయాణాలు అన్నీ ఫారంలో రాయాలి. బంధువులు ఉండడం అనర్హత కాదు, దాచడం అనర్హత అవుతుంది. తాతగారి పేరిట ఉన్న పొలంలో వాటా ఉన్నా రాయమనండి. అప్పులు ఎగవేయడం, మత్తు పదార్థాలు, అబద్ధాలు, ఈ మూడే ఎక్కువమందిని వెనక్కు పంపుతాయి. తాగి కారు నడిపి శిక్ష పడితే టెక్సస్‌లో మామూలుగా పదేళ్లపాటు పోలీసు లైసెన్సు ఆశ వదులుకోవలసిందే.

ల్యాబ్_లలిత
ఫోరెన్సిక్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను, ఆ రంగంలోనే పనిచేస్తున్నాను. డీఎన్ఏ, మాదక ద్రవ్యాల పరీక్ష చేసే ల్యాబ్‌లు క్రిమినల్ జస్టిస్ డిగ్రీని చూడవు, కెమిస్ట్రీ, బయాలజీ, ఫోరెన్సిక్ సైన్స్ వంటివి చదివినవారినే తీసుకుంటాయి. కమ్యూనిటీ కాలేజీలో మొదటి రెండేళ్లు జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, బయాలజీ, ఫిజిక్స్ పూర్తిచేసి మారడం చక్కటి దారి. కార్మిక గణాంకాల శాఖ లెక్కలో 2023లో ఫోరెన్సిక్ టెక్నీషియన్ల మధ్యస్థ వార్షిక జీతం 64,940 డాలర్లు. ఎఫ్-1కు మారవలసి వచ్చే పిల్లలకు మరో లాభం ఉంది. ఫోరెన్సిక్ సైన్స్, కంప్యూటర్ ఫోరెన్సిక్స్ స్టెమ్ (సైన్సు, సాంకేతిక చదువుల) జాబితాలో ఉన్నాయి, బ్యాచిలర్స్ అయ్యాక ఓపీటీ అనే ఒక ఏడాది ఉద్యోగ అనుమతి మీద మరో 24 నెలల పొడిగింపు దొరుకుతుంది. మామూలు క్రిమినల్ జస్టిస్‌కు ఆ పొడిగింపు లేదు.

సుజాత_నర్సు
లలిత గారి మాటకు తోడుగా, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల నర్సింగ్ చదివినవారు కూడా నాలుగేళ్లు చదివినవారు రాసే ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్షే రాసి ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) అవుతారు. నేనూ అలా వచ్చినదాన్నే. లైంగిక దాడికి గురయిన వారిని పరీక్షించి, సాక్ష్యాలు భద్రపరిచి, కోర్టులో సాక్ష్యం చెప్పే ఫోరెన్సిక్ నర్సులు ఉంటారు. న్యాయం వైపు మనసున్న ఆడపిల్లలకు ఇది నేను చూసిన గొప్ప పనుల్లో ఒకటి. 2023లో రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ జీతం 86,070 డాలర్లు, పోలీసులు, డిటెక్టివ్‌లది 74,910. నర్సింగ్‌లో సీటు దొరకడమే కష్టం, ముందస్తు కోర్సుల్లో మంచి గ్రేడ్లు ఉండాలి.

క్వీన్స్_కిరణ్
న్యూయార్క్ సంగతి తెలియాలనుకునే వారికోసం రాస్తున్నాను. ఇక్కడ జాన్ జే కాలేజ్ ఆఫ్ క్రిమినల్ జస్టిస్ ఉంది, 1964లో మొదలయింది. సీయూఎన్‌వై (న్యూయార్క్ నగర యూనివర్సిటీ) వారి కమ్యూనిటీ కాలేజీల్లో రెండేళ్లు చదివినవారు మళ్లీ విడిగా తంటాలు పడకుండా అక్కడికి మారే ఏర్పాటు ఉంది, నేను అలాగే మారాను. న్యూయార్క్ పోలీసు శాఖ 60 కాలేజీ క్రెడిట్లు అడిగేది, 2025లో దాన్ని 24కు తగ్గించింది. నేను పోలీసు వైపు వెళ్లలేదు, లా స్కూల్లో ఉన్నాను. లా స్కూలుకు ఫలానా సబ్జెక్టే చదవాలన్న నియమం లేదు. ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను: లా స్కూలు దరఖాస్తులో గ్రేడ్ల సగటు కట్టేటప్పుడు కమ్యూనిటీ కాలేజీ గ్రేడ్లు, హైస్కూల్లో ఉండగా తీసుకున్న కాలేజీ కోర్సుల గ్రేడ్లు కూడా కలుపుతారు. పదిహేడో ఏట నిర్లక్ష్యంగా తెచ్చుకున్న సీ గ్రేడు అప్పుడు కనిపిస్తుంది.

శాన్‌హోసే_లత
కిరణ్ అన్నదానికి చేర్పు. కోర్టుల్లో తెలుగు అనువాదకుల అవసరం పెరుగుతోంది. 2010, 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగింది. కేంద్ర కోర్టుల్లో ధ్రువీకరణ పరీక్ష స్పానిష్‌కు మాత్రమే ఉంది, మిగతా భాషలవారిని వేరే అర్హతల మీద తీసుకుంటారు. అమ్మాయి తెలుగు బాగా మాట్లాడితే చదవడం, రాయడం కూడా నేర్పించండి, ముందుముందు ఉపయోగపడుతుంది.

విశ్రాంత_అధ్యాపకుడు
ఇంకొక పని గురించి ఎవరూ తలచుకోలేదు. జైళ్లలో ఉన్నవారికి పెల్ గ్రాంటును 1994లో తీసివేశారు, 2023 జూలై నుంచి మళ్లీ ఇస్తున్నారు. అందువల్ల జైళ్లలో తరగతులు నడిపే కమ్యూనిటీ కాలేజీలకు, విడుదలయినవారికి దారి చూపే సంస్థలకు మనుషులు కావాలి. మా విద్యార్థులలో అత్యంత సంతృప్తితో ఉత్తరాలు రాసేవారు ఆ పనిలో ఉన్నవారే.

ఫ్రిస్కో_శైలజ
మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఈ చర్చనంతా అమ్మాయితో కలిసి కూర్చుని చదివాము. వీసా దగ్గరకు వచ్చేసరికి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తను ఇక్కడి పిల్లనే అని ఇన్నేళ్లూ అనుకుంది. తరువాత లలిత గారు, క్వీన్స్ కిరణ్ గారు రాసినవి మళ్లీ చదివి, ల్యాబ్ వద్దని, లాయరు కావాలని ఉందని, అవసరమైతే పోలీసు కోరికను పౌరసత్వం వచ్చేదాకా పక్కన పెడతానని చెప్పింది. లాయరు దగ్గర వచ్చే వారానికి సమయం తీసుకున్నాము. బంధువులకు ఏం చెప్పాలన్న బెంగ ఇప్పుడు నాకు లేదు, మావారు వాళ్లతో తానే మాట్లాడతానన్నారు.

విజయ్ గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. కాలేజీ రుసుము హెచ్-4 మీద ఒకలా, ఎఫ్-1 మీద మరోలా ఉంటుందని ఎవరో చెప్పారు, అది నిజమేనా? నిజమైతే ఏం చేయాలి?

ప్లేనో_విజయ్
నిజమేనండి. టెక్సస్‌లో స్థిరనివాసం చూపగలిగిన హెచ్-4 పిల్లలకు స్థానిక రుసుము పొందే వీలుంది, ఎఫ్-1కు మారాక సాధారణంగా ఆ వీలు ఉండదు, రుసుము ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుచేత ఇరవై ఒకటి నిండేలోపు ఎన్ని క్రెడిట్లు పూర్తయితే మీకు అంత లాభం. మీ అమ్మాయి స్కూల్లో డ్యుయల్ క్రెడిట్ (హైస్కూల్లోనే కాలేజీ క్రెడిట్లు ఇచ్చే ఏర్పాటు) ఉంటే ఈ చివరి సెమిస్టర్‌లోనే ఇంగ్లీషు, ప్రభుత్వం కోర్సులు తీసుకోమనండి, కిరణ్ గారి హెచ్చరికను మాత్రం మరువవద్దు. వేసవి తరగతులు కూడా కలుపుకుంటే ఏఏ డిగ్రీ రెండేళ్లలోపే అయిపోతుంది, మిగిలిన కాలం యూనివర్సిటీలో స్థానిక రుసుముతో చదవవచ్చు. లాయరు కావాలనుకుంటోంది కాబట్టి క్రిమినల్ జస్టిస్ ఏఏలో చేరినా తప్పు లేదు. ఒక సెమిస్టర్ అయ్యాక గవర్నమెంట్‌కో ఇంగ్లీషుకో మారాలనిపించినా 42 క్రెడిట్ల కోర్ చెక్కుచెదరదు. చేరే ముందే తాను వెళ్లదలచిన రెండు మూడు యూనివర్సిటీల ట్రాన్స్‌ఫర్ గైడ్‌లు (ఏ కోర్సు అక్కడ చెల్లుతుందో చెప్పే పట్టికలు) దింపుకుని, ప్రతి కోర్సునూ వాటితో సరిచూసుకోమనండి. అడ్వైజర్ నోటితో చెప్పినదానిని ఈమెయిల్‌లో రాసి పంపమని అడగమనండి, ఏడాది తరువాత ఆ అడ్వైజర్ అక్కడ ఉండకపోవచ్చు. లాయరును కలిసేటప్పుడు ఐ-140 దాఖలు చేసిన తేదీ, ఆమోదం వచ్చిన తేదీ, రెండూ ఉన్న కాగితాలు తీసుకువెళ్లండి, వయసు లెక్కకు మొదట అడిగేవి అవే.